సగం డబ్బు పెట్టినాయనకు సగం ఓట్లు ఇవ్వాలా?

ప్రశ్న: ఊళ్లో కొన్ని కుటుంబాలం కలిసి, పండించిన సరుకు దళారులకు పోయకుండా మేమే శుభ్రం చేసి ప్యాక్ చేసి అమ్మే సంస్థ పెడదామనుకుంటున్నాం. తలా కొంత వేసుకున్నా మెషిన్లకు డబ్బు చాలట్లేదు. ఒకాయన సగం పెట్టుబడి నేనే పెడతాను, ఓట్లలోనూ సగం నాకివ్వండి అంటున్నారు. ఒప్పుకోమంటారా?

జవాబు: డబ్బు తీసుకోండి, ఓట్లు మాత్రం ఇవ్వకండి. ఆయన మంచివారే కావచ్చు, కానీ మీకు కావలసింది సరుకుకు మంచి ధర, ఆయనకు కావలసింది పెట్టుబడి మీద రాబడి. మీకు బస్తాకు నాలుగు డబ్బులు ఎక్కువిస్తే ఆయన లాభంలో అంత కోత పడుతుంది, అప్పుడు సగం ఓట్లున్న మనిషి ఎటు చెయ్యెత్తుతారో వేరే చెప్పాలా? ఆయనిచ్చేది అప్పుగా రాసుకుని, వడ్డీ, గడువు ముందే తేల్చుకోండి.

ఇదేం కొత్త సంగతి కాదు. 1844లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 28 మంది కలిసి కొట్టు పెట్టుకున్నప్పుడే పెట్టుబడికి వడ్డీ ఇంతేనని గీత గీసి, మిగిలినదాన్ని ఎవరెంత కొన్నారో దాన్నిబట్టి పంచుకున్నారు. ఓటు మాత్రం మనిషికి ఒకటే. మీరు కొనేవాళ్లు కాదు, పోసేవాళ్లు కాబట్టి ఎవరెంత పోశారో దాన్నిబట్టి బోనస్ ఇవ్వండి.

ఇంకోటి, ఇది మీరు అడగలేదు గానీ చెప్తున్నా. ఏడాది మొత్తంలో ఒక్క బస్తా కూడా సంఘానికి పోయని సభ్యుడికి ఆ ఏడు ఓటు లేదని బైలాలో రాసుకోండి. బయట రేటు కాస్త పెరగ్గానే సరుకంతా దళారికి తోలేసి, జనరల్ బాడీ మీటింగులో మాత్రం ముందు వరుసలో కూర్చుని లెక్కలడిగే వాళ్లు మీకూ తగులుతారు. కాటా కూడా రైతు ఎదుటే వేసి, అక్కడికక్కడే రసీదు చేతిలో పెట్టండి. సంఘం మీద నమ్మకం పోయేది ఎక్కువగా అక్కడే.

ప్రశ్న: ఏటా లాభమంతా పంచేస్తే సభ్యులు సంతోషంగా ఉంటారు కదా?

జవాబు: ఆ ఏడాదికి ఉంటారు. మెషిన్ రిపేరుకొచ్చిన రోజున మళ్లీ ఆ సగం ఓట్లు అడిగినాయన గుమ్మం ఎక్కాలి. జర్మనీలో 19వ శతాబ్దంలో రైఫైజన్ అనే ఆయన పెట్టిన పల్లె పరపతి సంఘాల్లో మిగులును సభ్యులెవరూ పంచుకోవడానికి వీల్లేని నిధిలో వేసేవారు. మీరు అంత పట్టుగా ఉండక్కర్లేదు, కొంత భాగం పక్కన పెట్టినా చాలు. కానీ వాటా ఎవరిదో కాగితం మీద స్పష్టంగా ఉండాలి. చైనా పల్లెల్లో ఊరి ఉమ్మడి ఫ్యాక్టరీలు 1980లలో బ్రహ్మాండంగా పెరిగాయి. పేరుకి ఊరందరివే, కానీ ఫలానా ఇంటికి ఇంత అని లేదు. 1990ల చివరికొచ్చేసరికి చాలావాటిని అప్పటిదాకా నడిపిన మేనేజర్లే కొనేసుకున్నారు.

ప్రశ్న: గ్రాంటు వస్తోంది, ముందు బిల్డింగు కట్టేద్దామా?

జవాబు: వద్దు. ఇండోనేషియాలో 2014 గ్రామ చట్టం తర్వాత ఊరూరా ఊరి సొంత వ్యాపార సంస్థలు వెలిశాయి, వాటిలో బోర్డు తప్ప వ్యాపారం లేనివీ ఉన్నాయి. అదే దేశంలో పొంగ్గోక్ అనే ఊరు ఉన్న ఊట కొలనునే వాడుకుంది, నీటి అడుగున సైకిళ్లూ బైకులూ పెట్టి ఫొటోలు తీయిస్తూ టూరిస్టులను రప్పించుకుంది. మీరు ముందు అద్దె షెడ్డులో ఒక సీజన్ నడిపి, రెండోసారి అడిగి కొనేవాళ్లు ఎంతమందో చూడండి.