ఇన్ఫినిట్ అనే మాట వాడేముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. కాలేజీ దరఖాస్తుతో పాటు వెళ్లేది కాబట్టి ఒకటికి రెండుసార్లు చదివాను. చెప్పదలుచుకున్నది బాగుంది, భాష కూడా చాలావరకు తేటగా ఉంది. కానీ ఇన్ఫినిట్ అనే మాట మీద బాగా మనసు పడ్డట్టున్నావు. పేజీలో ఎక్కడ చూసినా అదే. కొన్నిచోట్ల చక్కగా కుదిరింది, కొన్నిచోట్ల అసలు కుదరలేదు. ఇన్నేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని కదా, తప్పు దిద్ది ఊరుకోకుండా ఎందుకు తప్పో కూడా రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ముందు పలకడం గురించి. రేపు ఇంటర్వ్యూలో నోటితో చెప్పాల్సి వస్తుంది. ఫైనైట్ అనే మాట తెలిసినవాళ్లు దానికి ముందు ఇన్ తగిలించి ఇన్‌ఫైనైట్ అనేస్తుంటారు. అలా కాదు, ఇన్ఫినిట్. మొదటి ఇన్ గట్టిగా పలికి, మిగతాది తేలిగ్గా వదిలెయ్యాలి. ఇన్ఫినిటీ అన్నప్పుడు మాత్రం ఆ గట్టిదనం ఫి మీదకి వెళ్తుంది. నాలుగుసార్లు పైకి అనుకుంటే నోటికి అదే పడుతుంది.

ఇక అసలు సంగతి. తెలుగులో అంతులేని అన్న ఒక్క మాటతో మనం అన్నీ లాక్కొచ్చేస్తాం. అంతులేని ఓపిక, అంతులేని ఆకాశం, అంతులేని గొడవ, అంతులేని ఉత్సాహం. ఇంగ్లీషులో అలా కుదరదు. పక్కన ఏ నామవాచకం ఉందో చూసుకుని విశేషణం ఎంచుకోవాలి. అందుకే ఇన్ఫినిట్‌ని ఒంటరిగా నేర్చుకోవద్దు, దాని జతతో సహా నేర్చుకో: ఇన్ఫినిట్ పేషెన్స్, ఇన్ఫినిట్ కేర్, ఇన్ఫినిట్ వెరైటీ, ఇన్ఫినిట్ పాసిబిలిటీస్.

నీ వాక్యాలే తీసుకుందాం. "మై టీచర్ ఆన్సర్డ్ మీ విత్ ఇన్ఫినిట్ పేషెన్స్" అని రాశావు. చాలా బాగుంది, దాని జోలికి వెళ్లకు. తర్వాత, లైబ్రరీ వాళ్లు నీకు "ఇన్ఫినిట్ యాక్సెస్" ఇచ్చారన్నావు. అక్కడ అన్‌లిమిటెడ్ రావాలి. ఎవరో ఒక పరిమితి పెట్టగలిగి కూడా పెట్టకుండా వదిలేస్తే అది అన్‌లిమిటెడ్. ఫోన్ కంపెనీలు అన్‌లిమిటెడ్ కాల్స్ అంటాయి గానీ ఇన్ఫినిట్ కాల్స్ అనవు, గమనించావా? మూడో పేరాలో "ఐ హ్యావ్ ఇన్ఫినిట్ ఎనర్జీ" ఉంది. నువ్వు చేరబోయేది సైన్స్ కాలేజీ. చదివేవాళ్లకి అది నీ హుషారు గురించి చెప్పినట్టు కాక ఫిజిక్స్ లెక్కలో ఏదో తేడా వచ్చినట్టు అనిపిస్తుంది. మనిషి ఉత్సాహానికి, చురుకుదనానికి బౌండ్‌లెస్ అందంగా ఉంటుంది.

మీ అమ్మ గురించి రాసిన వాక్యం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాను. హాస్టల్లో ఉన్నప్పుడు మీ అమ్మ చేసిన ఫోన్లని "ఇన్ఫినిట్ కాల్స్" అన్నావు. దాన్ని ఎండ్‌లెస్ అని మార్చబోయి మానేశాను. ఎండ్‌లెస్ మీటింగ్స్, ఎండ్‌లెస్ ఆర్గ్యుమెంట్స్ అన్నప్పుడు అందులో విసుగు వినిపిస్తుంది, ఇక చాలు బాబూ అన్నట్టుగా. మీ అమ్మ ఫోన్లు నీకు ధైర్యాన్నిచ్చాయి కదా, ఆ మాట పెడితే నీ మనసులో లేని విసుగు కాగితం మీదకి వచ్చేస్తుంది. "షి కాల్డ్ మీ ఎవ్రీ ఈవినింగ్" అని రాయి. చెప్పాల్సిందంతా అందులోనే ఉంది. కొన్నిచోట్ల ఏ విశేషణమూ అక్కర్లేదు.

పరీక్షలు "పోస్ట్‌పోన్డ్ ఇన్ఫినిట్లీ" అన్నది మాత్రం పూర్తిగా తప్పు. నిరవధిక వాయిదా, నిరవధిక సమ్మె అని పేపర్లో చదువుతుంటాం కదా, దానికి ఇంగ్లీషులో ఇండెఫినిట్. ఎప్పుడు ముగుస్తుందో ఇంకా తేల్చలేదని దాని అర్థం, ఎప్పటికీ ముగియదని కాదు. కాబట్టి పరీక్షలు ఇండెఫినిట్లీ వాయిదా పడ్డాయి. ఇన్ఫినిట్లీ ఎక్కువగా పోలికలో పనికొస్తుంది: "దిస్ ప్రూఫ్ ఈజ్ ఇన్ఫినిట్లీ బెటర్" అంటే ఇది ఎన్నో రెట్లు మెరుగని. ఇంకో మోసకారి మాట ఇన్ఫినిటెసిమల్. పొడుగు చూసి బ్రహ్మాండమైనది అనుకుంటారు, దాని అర్థం లెక్కలోకి రానంత చిన్నది అని.

వెరీ ఇన్ఫినిట్, మోర్ ఇన్ఫినిట్ అని రాయకు. అంతు లేనిదానికి కొంచెం, ఎక్కువ ఉండవు. లెక్కల పిల్లవి కాబట్టి నీకొక సందేహం రావచ్చు. రెండూ అంతులేనివే అయినా సహజ సంఖ్యల కంటే వాస్తవ సంఖ్యలు ఎక్కువని 1874లో కాంటర్ అనే గణితవేత్త చూపించాడు కదా, మరి అక్కడ? అక్కడ కూడా లార్జర్ ఇన్ఫినిటీ అంటారు, మోర్ ఇన్ఫినిట్ అనరు. నిజంగా అంతు లేనిదా కాదా అని అనుమానం ఉంటే ఆల్మోస్ట్, సీమింగ్లీ లాంటివి ముందు పెట్టుకోవచ్చు, అవి తప్పు కావు.

లెక్కల వ్యాసంలో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. ప్రధాన సంఖ్యలకి అంతు లేదని యూక్లిడ్ రెండు వేల ఏళ్ల కిందటే నిరూపించాడు, వాటిని ఇన్ఫినిట్ అను, ఎవరూ కాదనరు. భూమ్మీద ఇసుక రేణువులు మనం లెక్కపెట్టలేనన్ని ఉన్నా ఎక్కడో ఒకచోట లెక్క ముగుస్తుంది, అవి ఫైనైట్. "ఇన్ఫినిట్ స్టూడెంట్స్ ఫియర్ మ్యాథ్స్" అని మొదలుపెట్టావే, ఆ వాక్యాన్ని లెక్కల ప్రొఫెసర్ చదువుతాడు. కౌంట్‌లెస్ అని మార్చు, లేదా హాయిగా మెనీ అను.

వ్యాకరణం రెండు ముక్కల్లో చెప్తాను. పేషెన్స్ లాంటి లెక్కించలేని మాటకి మామూలుగా ఆర్టికల్ పెట్టం. నంబర్ వచ్చినప్పుడు యాన్ అనే ఆర్టికల్ కావాలి, క్రియ బహువచనంలో ఉండాలి: "దేర్ ఆర్ యాన్ ఇన్ఫినిట్ నంబర్ ఆఫ్ ప్రైమ్స్".

చివరి పేరాలో కాలేజీ వాళ్లని ఉద్దేశించి "ఇన్ యువర్ ఇన్ఫినిట్ విజ్డమ్" అన్నావు. ఇది వెంటనే తీసెయ్ తల్లీ. దేవుడి విషయంలో ఆ మాట భక్తితో వాడతారు. పై అధికారుల విషయంలో అంటే వెటకారం కింద తీసుకుంటారు. నువ్వు గౌరవంగానే రాశావని నాకు తెలుసు, వాళ్లకి తెలియదు కదా. "ఐ హోప్ యు విల్ కన్సిడర్ మై అప్లికేషన్" చాలు.

టీచర్ ఓపిక దగ్గర ఒకసారి, ప్రధాన సంఖ్యల దగ్గర ఒకసారి, ఆ రెండుచోట్లా ఇన్ఫినిట్ ఉంచు. మిగతావి మార్చి గడువుకి ముందే పంపు, ఆర్టికల్స్ కూడా ఒకసారి చూసి పెడతాను. టెన్షన్ పడకు.

ప్రేమతో,
పెద్దమ్మ