క్యాపులు మార్పించుకునే ముందు: పెద్దమ్మ ఉత్తరం

నాయనా,

నువ్వు పంపిన ఎక్స్‌రేలు, డాక్టరు రాసిచ్చిన ట్రీట్‌మెంట్ ప్లాన్ చూశాను. పాత క్యాపులు రెండూ తీసేసి కొత్తవి వేయాలని, జివ్వుమంటున్న నాలుగు పళ్ళకి రూట్ కెనాల్ (పంటి లోపలి నరం తీసేసి ఆ చోటు పూడ్చడం) చేసి వాటికీ క్యాపులు వేయాలని రాశారు. వారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారని నీకు టెన్షన్‌గా ఉంది. ముఖం వాపు, జ్వరం, నిద్ర పట్టనివ్వని నొప్పి ఇవేవీ లేవని రాశావు. అలాంటప్పుడు ఆరు పళ్ళ సంగతి ఒక్క వారంలో తేల్చాల్సిన అవసరం లేదు. ఒక్క పన్ను విషయంలో మాత్రం త్వరపడాలి, దాని గురించి కిందే రాస్తాను. మిగతావాటికి ఒక్కో పన్నుకి ఒక్కో నిర్ణయం తీసుకో. ఆరింటికీ కలిపి ఒకేసారి ఊఁ అనకు.

ముందు ఆ కాగితంలో అంకెల సంగతి. నోటిని నాలుగు భాగాలు చేసి పైన కుడివైపుకి 1, పైన ఎడమకి 2, కింద ఎడమకి 3, కింద కుడికి 4 అని పెడతారు. మొదటి అంకె అది. రెండో అంకెని ముందు పళ్ళ నడిమి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోవాలి. కాబట్టి 46 అంటే కింద కుడివైపు ఆరో పన్ను, మొదటి పెద్ద దవడ పన్ను. అద్దం ముందు నిలబడి కాగితంలోని ఒక్కో అంకెకీ నీ నోట్లో పన్ను ఏదో వేలు పెట్టి చూసుకో. నీ పాత క్యాపులున్నవి 46, 25. జివ్వుమంటున్నాయని రాసినవి 23, 24, 33, 34. చూశావా, ఈ నాలుగూ ఎడమవైపు కోరపళ్ళు, వాటి వెనక పళ్ళు. నువ్వు కుడిచేత్తో బ్రష్ చేస్తావు. కుడిచేతి వాటం వాళ్ళు గట్టిగా తోమితే చిగురు అరిగేది తరచుగా ఇక్కడే. అందుకే నాకు ఆ నాలుగు రూట్ కెనాల్స్ మీద మొదటి నుంచీ అనుమానం.

పన్ను జివ్వుమనడం వెనక జరిగేది ఇది. పైన ఎనామెల్, దాని కింద డెంటిన్ ఉంటాయి. డెంటిన్ నిండా కంటికి కనిపించనంత సన్నటి గొట్టాలు, వాటిలో ద్రవం. చిగురు దిగిపోయి వేరు బయటపడినా, ఎనామెల్ అరిగిపోయినా ఆ గొట్టాల మూతులు తెరుచుకుంటాయి. చల్లనీళ్ళు తగలగానే లోపలి ద్రవం కదులుతుంది, ఆ కదలిక పంటి నరానికి తెలిసి జివ్వుమంటుంది. అంటే ఇక్కడ నరం ఆరోగ్యంగానే ఉంది, దానికి తెలియకూడనిది తెలుస్తోంది. ఆ మూతులు మూసేస్తే సరిపోయే పన్నుకి నరమే తీసేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

అయితే నరం నిజంగానే చెడిపోయిన పళ్ళు కూడా మొదట్లో జివ్వుమనే అంటాయి. తేడా కనిపెట్టాలంటే నొప్పి ఎంతసేపు ఉందో చూడాలి. చల్లనీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసి గడియారం వైపు చూడు. కొన్ని సెకన్లలో తగ్గిపోతే నరం బాగున్నట్టే. అర నిమిషం దాటినా సలుపుతూనే ఉంటే, వేడి తగిలినా నొప్పి వస్తే, ఏమీ తగలకుండానే నొప్పి మొదలైతే, రాత్రి నిద్రలోంచి లేపితే నరం కోలుకోలేని స్థితికి వచ్చిందని అనుమానించాలి. అప్పుడు రూట్ కెనాల్‌కి వెనకాడకు. కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటే అది పగులు కావచ్చు, ఆ మాట డాక్టరుకి ప్రత్యేకంగా చెప్పాలి.

డాక్టరు చేయాల్సిన పరీక్షలు కూడా చిన్నవే. దూదిని చల్లటి స్ప్రేతో తడిపి పంటి మీద పెడతారు, నీకు తెలియగానే చెయ్యెత్తమంటారు, తీసేశాక ఎంతసేపటికి తగ్గిందో అడుగుతారు. పక్కనున్న మంచి పన్నుకీ అలాగే చేసి పోల్చుకుంటారు. నోట్లో పెట్టే చిన్న అద్దం వెనక కొసతో పంటిని మెల్లగా తడతారు. పన్నూ చిగురూ కలిసే చోట లోతు కొలుస్తారు. నీ ఉత్తరంలో వీటి ప్రస్తావనే లేదు. ఎక్స్‌రే ఒక్కటే చూసి నాలుగు రూట్ కెనాల్స్ రాసి ఉంటే మాత్రం ఒప్పుకోకు. ఆ పరీక్షలు చేసి, ఏ పన్నుకి ఏం తేలిందో రాసివ్వమని అడుగు. అడగడం తప్పు కాదు. మంచి డాక్టరు ఎవరూ దానికి నొచ్చుకోరు.

ఈలోగా నువ్వు చేయగలిగింది చాలా ఉంది. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న టూత్‌పేస్ట్ గానీ, స్టానస్ ఫ్లోరైడ్ లేదా ఆర్జినిన్ ఉన్నది గానీ తెచ్చుకో. అందులో ఫ్లోరైడ్ ఉందో లేదో కూడా చూసుకో. పొద్దున, రాత్రి తోముకున్నాక నురుగు ఉమ్మేయి, నీళ్ళతో పుక్కిలించకు. పుక్కిలిస్తే మందు కొట్టుకుపోతుంది. రెండు రోజులు వాడి పనిచేయలేదని మానేసేవాళ్ళని చాలామందిని చూశాను. దీని ఫలితం తెలియడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. బ్రష్ మెత్తటిది కొనుక్కో. పిడికిలితో బిగించి రంపంలా లాగకుండా, వేళ్ళతో తేలిగ్గా పట్టుకుని చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు తోము. పులుపు గానీ కూల్‌డ్రింక్ గానీ నోట్లో పడితే కనీసం అరగంట ఆగాకే బ్రష్ పట్టుకో. ఆమ్లం తగిలిన ఎనామెల్ కాసేపు మెత్తబడి ఉంటుంది, అప్పుడు తోమితే అరిగిపోతుంది. పళ్ళు తెల్లబరిచే పేస్టులు, జెల్‌లు వాడుతుంటే ఇప్పటికి ఆపేయి. తెల్లబరచడం వల్లే పళ్ళు జివ్వుమనడం మామూలే, పైగా క్యాప్ రంగు దానితో మారదు. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు తరచుగా వస్తుంటే పొట్ట డాక్టరుకి చూపించుకో. పై ముందు పళ్ళ లోపలి వైపు కడుపులోని ఆమ్లానికి అరిగిపోతుంది, అక్కడ పేస్టు ఒక్కటే ఏమీ చేయలేదు.

నాలుగు వారాలకీ తగ్గకపోతే తర్వాతి మెట్టు క్లినిక్‌లో పంటికి పూసే ఫ్లోరైడ్ వార్నిష్. పంటి మెడ దగ్గర, అంటే చిగురుకి ఆనుకున్న చోట, గోరు పెడితే తగిలేంత గాడి పడి ఉంటే పంటి రంగు ఫిల్లింగ్‌తో దాన్ని పూడుస్తారు. చిగురు బాగా దిగిపోతే చిగురు అతికే ఆపరేషన్ కూడా ఉంది. ఇవన్నీ అయ్యాకే రూట్ కెనాల్ మాట. ఇంత వరస ఎందుకు చెబుతున్నానంటే, పూర్తి క్యాప్ వేయాలంటే పన్నుని చుట్టూ అరగదీయాలి. బయటికి కనిపించే భాగంలో సగానికి పైగానే పోతుంది. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు. నీ 23, 24, 33, 34 పుచ్చు లేని, విరగని పళ్ళు. వాటికి క్యాప్ వేయడానికి నాకు కారణం కనిపించలేదు.

ఇక త్వరపడాల్సింది 25. వేలితో నొక్కితే క్యాప్ అంచు దగ్గర ఉమ్మి బుడగలు వస్తున్నాయని, వాసన కూడా వస్తోందని రాశావు. లోపలి సిమెంట్ కరిగి క్యాప్ వదులైందనడానికి అది స్పష్టమైన గుర్తు. నొక్కినప్పుడల్లా ఉమ్మి లోపలికీ బయటికీ పంపు కొడుతోంది, దానితో పాటు సూక్ష్మజీవులూ వెళ్తున్నాయి. ఎక్స్‌రేలో ఆ పంటి వేరు మధ్యలో తెల్లటి గీత లేదు, అంటే దానికి రూట్ కెనాల్ జరగలేదు, లోపల నరం ఇంకా ఉంది. పుచ్చు అక్కడి దాకా పోకముందే చూపించుకోవాలి. ఈ వారంలోనే వెళ్ళు.

కొత్త క్యాపా, ఉన్నదే మళ్ళీ అతికించడమా, పన్నే తీసేయడమా అన్నది క్యాప్ తీయకుండా ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఎక్స్‌రే కిరణాలు క్యాప్‌లోని లోహాన్ని దాటి వెళ్ళవు, అందుకే అంచుల దగ్గర తప్ప లోపలి పుచ్చు ఎక్స్‌రేలో కనిపించదు. అందుకని ముందే ఒక ఒప్పందం చేసుకో: "క్యాప్ తీశాక ఫోటో తీసి నాకు చూపించండి, ఆ తర్వాతే ముందుకెళ్దాం." లోపల పన్ను గట్టిగా ఉండి, క్యాప్ చెడకుండా వస్తే శుభ్రం చేసి దాన్నే అతికించొచ్చు. పుచ్చు ఉంటే తీసేసి, పన్నుని ఫిల్లింగ్‌తో కట్టి కొత్త క్యాప్ వేస్తారు. ఇక్కడ నువ్వు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. ఫిల్లింగ్ కాకుండా సొంత పన్ను చిగురు బయట చుట్టూ ఎంత మిగిలింది అని అడుగు. దాదాపు 2 మిల్లీమీటర్లు గట్టి పన్ను చుట్టూ ఉంటే క్యాప్‌కి పట్టు దొరుకుతుంది. అంతకంటే బాగా తక్కువుంటే ఎంత ఖరీదైన క్యాప్ వేసినా ఊడి రావడమో, వేరు చీలడమో జరగొచ్చు. అప్పుడు చిగురుని కాస్త కోసి పన్ను బయటికి కనిపించే ఎత్తు పెంచడం కుదురుతుందా, లేక పన్ను తీసి ఇంప్లాంటో (ఎముకలో బిగించే కృత్రిమ వేరు) బ్రిడ్జో (పక్క పళ్ళ ఆధారంతో నిలిచే కట్టుడు పన్ను) పెట్టాలా అని మాట్లాడుకోవాలి.

ఈలోపే అది ఊడిపోతే పారేయకు, చిన్న డబ్బాలో దాచి తీసుకెళ్ళు. ఇంట్లో ఉండే సూపర్ గ్లూ లాంటి జిగురుతో మాత్రం అతికించొద్దు. మందుల షాపులో క్యాపుల కోసం తాత్కాలిక సిమెంట్ దొరుకుతుంది, రెండు మూడు రోజులకి అది చాలు. వదులు క్యాప్‌తో నిద్రపోవడం కూడా మంచిది కాదు, ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదముంది. ఊడాక వారాల తరబడి వదిలేస్తే చుట్టుపక్కల పళ్ళు కదిలి, పాత క్యాప్ మళ్ళీ కూర్చోదు.

46 సంగతికొస్తే, పింగాణీ పెచ్చు లేచి లోపలి లోహం కనిపిస్తోంది, నొప్పి లేదు. పెచ్చు ఊడినంత మాత్రాన క్యాప్ మార్చనక్కర్లేదు. అంచు బిగువుగా ఉండి, పక్క పన్నుతో ఒరుసుకుంటూ ఉండి, తిన్నది ఇరుక్కోకపోతే గరుకుని నున్నగా చేసి వదిలేయొచ్చు, లేదా ఫిల్లింగ్ మెటీరియల్‌తో ఆ చోటు పూడ్చొచ్చు. అలా ఏళ్ళు నడిచిన క్యాపులు చూశాను. కానీ నొప్పి లేదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఎక్స్‌రేలో దీని వేళ్ళలో తెల్లటి గీతలున్నాయి, రూట్ కెనాల్ ఎప్పుడో అయింది. నరం లేని పన్ను లోపల పుచ్చుతున్నా చల్లదనం తెలియదు, చెప్పదు. అందుకే డాక్టరు సూది లాంటి పరికరంతో అంచు చుట్టూ తడిమి ఎక్కడైనా పట్టుకుంటోందా చూడాలి. వేరు కొసన నల్లటి మచ్చ ఉందా అని అడుగు. ఉంటే ముందు రూట్ కెనాల్ మళ్ళీ చేయాల్సి రావచ్చు, ఆ సంగతి తేలాకే కొత్త క్యాప్.

పెచ్చు ఎందుకు లేచిందో కూడా తేల్చుకో. పొద్దున లేవగానే దవడలు బిగిసినట్టు ఉంటున్నాయా? కోరపళ్ళ మొనలు చదునుగా అయ్యాయా? నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంటే కొత్త క్యాప్ కూడా అదే దారి పడుతుంది. అప్పుడు రాత్రిపూట పెట్టుకునే నైట్ గార్డ్ చేయించుకో.

కొత్తది వేయాల్సే వస్తే జిర్కోనియా అనే తెల్లటి పింగాణీ గట్టిది, దవడ పళ్ళకి బాగుంటుంది. లిథియం డైసిలికేట్ అనే గాజు పింగాణీ సహజంగా కనిపిస్తుంది, ముందు వైపు పళ్ళకి నప్పుతుంది. లోహం మీద పింగాణీ వేసినది పాత పద్ధతే అయినా మంచిదే. మెటీరియల్ కన్నా అంచు పంటితో ఎంత బిగువుగా కలిసిందన్నదే క్యాప్ ఆయుష్షుని ఎక్కువగా నిర్ణయిస్తుంది. బాగా కూర్చున్న క్యాప్ పదేళ్ళు, పదిహేనేళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అతికించే ముందు అద్దంలో చూసి రంగు నచ్చిందో లేదో అప్పుడే చెప్పు, సిమెంట్ పెట్టాక మార్చడం కష్టం. నోరు మొద్దుబారి ఉన్నప్పుడు కొరికి చూస్తే ఎత్తు సరిగా తెలియదు. ఇంటికెళ్ళాక ఆ పన్ను ముందుగా తగులుతున్నట్టనిపిస్తే సర్దుకుంటుందిలే అని ఊరుకోకుండా మర్నాడే వెళ్ళు. రంగు కాగితం కొరికించి, అచ్చు పడిన చోట కొద్దిగా అరగదీస్తారు. ఐదు నిమిషాల పని.

వేరే డాక్టరు దగ్గరికి రెండో అభిప్రాయానికి వెళ్ళేటప్పుడు ఎక్స్‌రేలు ఇవ్వు, ప్లాన్ కాగితం చూపించకు. ఆయన తన కళ్ళతో చూసి చెప్పాక పోల్చుకో. ఈ పంటికి ఇప్పుడు ఏమీ చేయకపోతే ఏమవుతుందని ఇద్దరినీ అడుగు. వాళ్ళిచ్చే జవాబుల్లోనే నీకు చాలా తెలుస్తుంది. రక్తం పలచబరిచే మందులు, ఎముకల బలానికి ఇచ్చే ఇంజెక్షన్లు, షుగర్ ఉంటే అడగకముందే చెప్పు. ఏ మందూ సొంతంగా ఆపకు.

కాబట్టి ఈ వారం 25 చూపించుకో. అదే రోజు గార తీయించుకుని, 46 అంచు కూడా చూడమను. మిగతా నాలుగింటికీ ఇవాళ్టి నుంచే పేస్టు మొదలుపెట్టి నాలుగు వారాలు ఆగు. మధ్యలో బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం కష్టమైనా ఆగొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళు. మింగడం, ఊపిరి తీసుకోవడం ఇబ్బందైతే నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. 25 క్యాప్ తీసిన రోజు ఆ ఫోటో నాకు పంపు. చూసి, అదే రోజు ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ