ఆదివారం ఖాళీగా కూర్చుంటే తప్పు చేసినట్టుంటోంది: సమాధానం

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో టీమ్ లీడ్‌నని, ఆదివారం సోఫాలో కూర్చున్న పది నిమిషాలకే లేచి అల్మారా సర్దేస్తున్నానని రాశారు. అలా లేపేది సగంలో వదిలిన పనులేనండీ. శుక్రవారం లాప్‌టాప్ మూసేముందు, మిగిలిన ప్రతి పనికీ మొదటి అడుగు రాయండి: "సోమవారం 11కి బడ్జెట్ షీటు తెరిచి మూడో కాలమ్ సరిచూడాలి". ఉత్త "బడ్జెట్" అని రాస్తే మనసు దాన్ని వదలదు.

ఇంటి సంగతి ఇంకా బరువైనది. ఎవరి సమయం దేనికి పోతోందో లెక్కగట్టే కేంద్ర ప్రభుత్వ 2024 టైమ్ యూజ్ సర్వేలో, తమ ఇంటిపని చేసుకునే ఆడవాళ్లకు ఆ పనికే రోజుకు 289 నిమిషాలు పడుతోంది, మగవాళ్లకు 88. మీవారిని "సాయం చెయ్యి" అనకండి, చెప్పే పని మళ్లీ మీదే అవుతుంది. ఆదివారం టిఫిన్ మొత్తం, శనివారం పిండి ఉందో లేదో చూడటం నుంచి పెనం కడిగేదాకా, ఆయనకే అప్పగించండి. చట్నీలో ఉప్పు తగ్గినా లేవొద్దు, దయచేసి.

విశ్రాంతి 15 నిమిషాలతో మొదలుపెట్టండి, ఫోన్ పక్క గదిలో పెట్టి. మొదట్లో చిరాకు పుడుతుంది, చాలామంది అక్కడే లేచిపోతారు. ఆగండి, తగ్గుతుంది. సాయంత్రం ఐదింటి ఫిల్టర్ కాఫీ మానండి, రాత్రి పదికి కూడా అందులో దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. గుండెదడ, నిద్రలేమి వారాల తరబడి ఉంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి.