26 ఏళ్లకు నీట్ రాయొచ్చా?

భీమవరం చెల్లీ, ఇంటర్ ఎంపీసీ చదివి, ఇన్నేళ్లూ నాన్నగారి రొయ్యల చెరువుల లెక్కలు చూసి, ఇప్పుడు 26 ఏళ్లకు ఎంబీబీఎస్ అంటే అందరూ నవ్వుతున్నారన్నావు. నవ్వనీ. నీట్‌కు 17 నిండితే చాలు. పై వయసు హద్దు 2022లోనే ఎత్తేశారు.

నీకు అసలు అడ్డం బయాలజీ. ఇంటర్ అయ్యాక దాన్ని అదనపు సబ్జెక్టుగా గుర్తింపు ఉన్న బోర్డులో పాసైనా ఒప్పుకుంటామని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో చెప్పింది. ముందు ఆ పరీక్ష ఫీజు కట్టు. కోచింగ్ సంగతి తర్వాత.

720 మార్కుల్లో బయాలజీవే 360. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు బొమ్మల కింది అక్షరాలతో సహా చదవాలి. నేనూ 24కి మొదలెట్టినదాన్నే. పాలకొల్లులో మా వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో కిడ్నీలోని నెఫ్రాన్ బొమ్మ గీసి, తుడిచి, మళ్లీ గీసేదాన్ని. "ఇదేం ముగ్గే?" అనేది అమ్మ. నువ్వు రాత్రిళ్లు చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల దగ్గర కూర్చుంటావు కదా, అప్పుడు పాత పేపర్లు చెయ్యి. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది, గుడ్డిగా పెట్టకు. ఫిజిక్సుకి టెన్షన్ వద్దు, ఎంపీసీ వాళ్లకు అది అలవాటే.

ఇంకొకటి. టెన్త్, ఇంటర్ మెమోల్లో పేరు ఒకేలా ఉందో లేదో ఇవాళే చూసుకో. నా ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వచ్చి నెలన్నర తిరిగాను.