రీల్‌లో 36 రకాలు, విస్తట్లో 22... రివ్యూ రాస్తే పరువు నష్టం కేసా?

ప్రశ్న: మా అమ్మానాన్నల 40వ పెళ్లిరోజుకు ఆరుగురం కలిసి, ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు కనిపిస్తున్న ఒక హోటల్‌కు వెళ్లాం. "36 రకాలు, అన్‌లిమిటెడ్, 899 మాత్రమే" అని లక్షల మంది ఫాలోయర్లున్న ఒకాయన రీల్‌లో చెప్పాడు. హోటల్ వాళ్ల పేజీలోనూ అదే రీల్ ఉంది. ముందే టేబుల్ బుక్ చేసుకున్నా గంటన్నర నిలబెట్టారు. విస్తట్లోకి వచ్చినవి 22. రొయ్యల వేపుడు రెండోసారి అడిగితే "అది ఒక్కసారే అండీ" అన్నారు. పప్పు చల్లారిపోయింది, పులుసులో ఉప్పు లేదు. సర్వీస్ ఛార్జీ తీసేయమంటే కంప్యూటర్‌లో ఆ ఆప్షన్ లేదన్నారు. ఇంటికొచ్చి ఫొటోలతో రివ్యూ రాశాను. మర్నాడే మేనేజరు "రివ్యూ తీసేయండి, లేదంటే పరువు నష్టం కేసు వేస్తాం" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. మా డబ్బు వెనక్కి వస్తుందా? రీల్ చేసినాయన మీద చర్య ఉంటుందా? రివ్యూ తీసేయాలా? బిల్లు, ఫొటోలు, రివ్యూ కాపీ జత చేశాను. అన్నట్టు, ఆ రీల్ చేసినాయన మరో రీల్ చూసి మా తమ్ముడు ఒక బండి దగ్గర తిని వాంతులు చేసుకున్నాడు.
– ఒక పాఠకురాలు

జవాబు: రివ్యూ తీసేయకండమ్మా. మీ ఉత్తరంలో డబ్బు పోయిన బాధ కన్నా ఈ భయమే ఎక్కువగా కనిపించింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మేనేజరు పెట్టిన వాట్సాప్ మెసేజ్ బెదిరింపే తప్ప కేసు కాదు. పరువు నష్టం నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందకు వస్తుంది. ఇందులో పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టి మీ ఇంటి తలుపు కొట్టడం ఉండదు. హోటల్ వాళ్లే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లి ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్ ప్రకారం, ఆ ఫిర్యాదును కోర్టు విచారణకు స్వీకరించే ముందే మీ మాట కూడా వినాలి. పైగా 356వ సెక్షన్‌కే మినహాయింపులున్నాయి. నలుగురి మేలు కోసం నిజం చెప్పడం పరువు నష్టం కాదు. ఇతరులను జాగ్రత్తపరచడానికి సదుద్దేశంతో చెప్పిన మాటా కాదు.

అయితే మీరు రాసిన రివ్యూలో రెండు వాక్యాలు మార్చాలి. "36 రకాలని చెప్పి 22 పెట్టారు, ఫొటోలు ఇవిగో" అన్నది అలాగే ఉండనివ్వండి. "గంటన్నర నిలబెట్టారు", "పప్పు చల్లగా ఉంది" కూడా మీరు స్వయంగా చూసినవే. కానీ "నిన్నటి కూరలు వేడిచేసి పెట్టారు" అన్నారు. వంటింట్లోకి వెళ్లి చూశారా? లేదు కదా. అది మీ అనుమానం. రేపు కోర్టులో నిరూపించమంటే మీ చేతిలో ఏమీ ఉండదు. చివర్లో రాసిన "జనాన్ని దోచుకునే దొంగలు" అన్న మాట కూడా తీసేయండి. కోపం న్యాయమైనదే, కానీ ఆ ఒక్క మాట పట్టుకుని అవతలి లాయరు పది పేజీలు రాస్తాడు. మార్చే ముందు ఇప్పుడున్న రివ్యూను, మేనేజరు మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి దాచండి.

ఇంకో జాగ్రత్త. "డబ్బు వెనక్కిస్తే రివ్యూ తీసేస్తాను" అని మీరుగా ఎప్పుడూ రాయకండి, ఫోన్‌లో అనకండి. న్యాయంగా రావలసిన డబ్బు అడగడం తప్పు కాదు. దాన్ని రివ్యూతో ముడిపెట్టారంటే, బెదిరించి వసూలు చేయబోయారని వాళ్లే మీ మీద ఫిర్యాదు తిప్పే ప్రమాదం ఉంది.

ఇక డబ్బు సంగతి. పులుసులో ఉప్పు లేకపోవడం మీద కేసు వేయమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. రుచికి కొలబద్ద లేదు. మీకు చప్పగా ఉన్నది పక్క టేబుల్ వాళ్లకు సరిపోయిందని హోటల్ వాళ్లు అంటే దానికి జవాబు లేదు. "ఊళ్లోకెల్లా రుచి మాదే", "ఒక్కసారి తింటే వదలరు" లాంటి మాటలనూ చట్టం పొగడ్తగానే చూస్తుంది, హామీగా చూడదు. నలభై ఏళ్ల కాపురం చేసిన అమ్మానాన్నలను తీసుకెళ్లి, వాళ్లు "పర్లేదులే అమ్మా" అంటూ చల్లారిన పప్పు కలుపుకుంటుంటే కూతురిగా మీకెంత చివుక్కుమని ఉంటుందో అర్థమవుతోంది. ఆ బాధకు పరిహారం అడగవచ్చు. కానీ ముందు లెక్కకు దొరికే తప్పు ఒకటి చూపించి, దాని వెంట అడగాలి.

మీ విషయంలో అలాంటి తప్పు ఉంది. 36 ఒక అంకె. "అన్‌లిమిటెడ్" ఒక షరతు. ఈ రెండూ పొగడ్తలు కావు, డబ్బు తీసుకుని ఇస్తామన్న వాగ్దానాలు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇస్తామన్నది ఇవ్వకపోవడం సేవాలోపం. లేనిది ఉన్నట్టు చెప్పి రప్పించడం తప్పుదారి పట్టించే ప్రకటన, దాని నిర్వచనం 2వ సెక్షన్ 28వ క్లాజులో ఉంది. "షరతులు వర్తిస్తాయి అని కింద వేశాం కదా" అని హోటల్ వాళ్లు అనవచ్చు. 2022 జూన్‌లో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు దానికి జవాబు చెబుతున్నాయి. కింద పెట్టే గమనిక పైన చెప్పిన ప్రధాన మాటకు విరుద్ధంగా ఉండకూడదు. పైన ఏ భాషలో, ఎంత అక్షరాల్లో చెప్పారో గమనిక కూడా అలాగే ఉండాలి. పైన "అన్‌లిమిటెడ్" అని పెద్దక్షరాల్లో వేసి, కింద చీమ తలకాయంత అక్షరాల్లో "కొన్ని పదార్థాలు ఒక్కసారే" అని పెడితే చెల్లదు.

నిరూపణ ఎలా అన్నది మీకు పెద్ద సమస్య కాదు. ఆరు విస్తళ్లూ పైనుంచి తీసిన ఫొటో ఒకటి పంపారు. అందులో ఒక్కో విస్తట్లో ఉన్న రకాలు లెక్కపెట్టాను, 22 ఉన్నాయి. కానీ ఆ ఫొటో తీశాక ఇంకా వడ్డించామని వాళ్లు అనకుండా, భోజనం చివర తీసిన ఫొటోలు, వీడియోలు ఇంట్లోవాళ్ల ఫోన్లలో ఉంటే అవీ తీయండి. రీల్‌ను ఇవాళే స్క్రీన్ రికార్డింగ్ చేయండి, తేదీ, పేజీ పేరు, లింకు కనపడాలి. గొడవ మొదలవగానే ముందుగా మాయమయ్యేది రీలే. ఫొటోలు, రికార్డింగులు దాఖలు చేసేటప్పుడు అవి ఏ ఫోన్‌లో, ఎలా తీసినవో తెలిపే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేస్తే, ఇవి మార్చిన ఫొటోలని అనడానికి వాళ్లకు వీలు తగ్గుతుంది.

ఇలాంటి చోట సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందో చెప్పలేం. ఒకసారి నా దగ్గరకు వచ్చిన క్లయింటుకు మెనూలో నాటుకోడి అని రాసి, నాటుకోడి ధర వేసి, మామూలు బ్రాయిలర్ పెట్టారు. ఆయన తినేశాడు, ఎముక కూడా మిగల్లేదు, బిల్లు ఒక్కటే ఉంది. కేసు నిలవదనుకున్నాను. ఆయన రివ్యూ తెరిచి చూస్తే, దాని కింద హోటల్ వాళ్లే పెట్టిన జవాబు ఉంది: "సారీ సార్, ఆ రోజు నాటుకోడి స్టాక్ లేదు." అంతకు మించిన ఒప్పుకోలు ఏముంటుంది? నోటీసులో ఆ వాక్యాన్ని యథాతథంగా పెట్టాం, విషయం వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లకుండానే డబ్బు తిరిగిచ్చారు. అడిగిన పదార్థం కాకుండా వేరేది అమ్మడం ఆహార భద్రత చట్టం, 2006లోని 50వ సెక్షన్ కింద కూడా తప్పే. అందుకే మీ రివ్యూ కింద వాళ్లు ఏమైనా రాశారేమో రోజూ చూస్తుండండి.

రీల్ చేసినాయన విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఆయన మీద చర్య తీసుకోవచ్చు, కానీ ఆ జరిమానా డబ్బు మీకు రాదు. డబ్బో, ఉచిత భోజనమో, గదో, ఏదో ఒక ప్రతిఫలం తీసుకుని ప్రచారం చేసేవాళ్లు ఆ సంగతి బయటపెట్టి తీరాలి. వీడియో అయితే కింద వివరణలో హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచిపెట్టడం కాదు, వీడియోలోనే, మాట్లాడిన భాషలోనే చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం స్పష్టం చేసింది. తాను చెప్పేది నిజమో కాదో సరిచూసుకోవలసిన బాధ్యత కూడా ఆయనదే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. ప్రచారం చేసే వ్యక్తిని ఏడాది పాటు ఏ ప్రచారమూ చేయకుండా ఆపగలదు. ఈ ఫిర్యాదును 17వ సెక్షన్ ప్రకారం మీ జిల్లా కలెక్టరుకు ఇచ్చినా చాలు. ఇది తప్పకుండా చేయమంటాను. మీ తర్వాత ఆ రీల్ చూసి ఇంకెన్ని కుటుంబాలు టేబుళ్లు బుక్ చేసుకుంటున్నాయో కదా!

ఇప్పుడు బిల్లు చూద్దాం. 899 చొప్పున ఆరు భోజనాలు 5,394. కింద "ఎస్.సి. 10%" అని, అంటే సర్వీస్ ఛార్జీ, 539 రూపాయల 40 పైసలు. ఈ రెండూ కలిపిన మొత్తం మీద 5 శాతం జీఎస్టీ వేసి 296 రూపాయల 67 పైసలు. మొత్తం 6,230. అంటే సర్వీస్ ఛార్జీ మీద కూడా మీ చేత పన్ను కట్టించారు. ఆ ఛార్జీ లేకపోతే బిల్లు 5,664 దగ్గర ఆగేది. మీ నుంచి అదనంగా పోయింది 539 కాదు, 566 రూపాయలు.

సర్వీస్ ఛార్జీ ప్రభుత్వానికి చేరే పన్ను కాదు, హోటల్ వాళ్లు ఉంచుకునే సొమ్ము. దాన్ని బిల్లులో తనంతట తానుగా కలపకూడదని 2022 జులై 4న సీసీపీఏ మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న అదే హైకోర్టు మార్గదర్శకాలు సరైనవేనని చెప్పి, పిటిషన్లు వేసిన రెండు సంఘాలకూ చెరో లక్ష రూపాయల ఖర్చులు విధించింది. దాని మీద అప్పీలు వేశారు. అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగిపోదు. "కంప్యూటర్‌లో ఆప్షన్ లేదు" అన్నది జవాబే కాదు. ఆ కంప్యూటర్‌ను అలా సెట్ చేసింది వాళ్లే.

చాలామంది ఇలాంటి ఫిర్యాదుల్లో నీళ్ల సీసాకు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకున్నారని కూడా కలుపుతారు. మీరు కలపలేదు, మంచిదే. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లలో అలా తీసుకోవడం తూనికలు కొలతల చట్టం కింద తప్పు కాదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఏం చేయాలంటే, ముందు 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడవచ్చు. సర్వీస్ ఛార్జీ లాంటివి చాలాసార్లు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే హోటల్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. నోటీసు లాయరే రాయాలని లేదు. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఆ హోటల్ వేరే జిల్లాలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, 34వ సెక్షన్ ఆ వీలు ఇస్తోంది. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయవచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. జరిగిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. నోటీసు అందాక హోటల్ వాళ్లు 30 రోజుల్లో, మరీ అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఆ 45 రోజులు దాటితే కమిషన్ కూడా గడువు పెంచలేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉన్నా, అంతకన్నా ఎక్కువ కాలం పడుతుందనుకునే దిగండి.

ఎంత అడగాలి? లక్షలు అడగమని చెప్పేవాళ్లు ఉంటారు, వినకండి. మీరు భోజనం చేశారు, 22 రకాలు వడ్డించారు. బిల్లంతా తిరిగివ్వమంటే కమిషన్ ముందు మీ మాట పలచబడుతుంది. సర్వీస్ ఛార్జీ దాని మీద పన్నుతో సహా 566 రూపాయలు, రాని 14 రకాల వాటాగా భోజనం ధరలో కొంత, మానసిక వేదనకు, ఖర్చులకు ఒక మోస్తరు మొత్తం అడగండి. వీటితో పాటు ఆ ప్రకటన ఆపేయాలని ఆదేశం కోరండి. 39వ సెక్షన్ కింద కమిషన్ అదీ ఇవ్వగలదు.

మీరు చివర్లో ఒక్క వాక్యంలో, రీల్ చేసినాయన మరో రీల్ చూసి మీ తమ్ముడు ఒక బండి దగ్గర తిని వాంతులు చేసుకున్నాడని రాశారు. అది వేరే దారి. రుచి బాగోలేదని బండివాడి మీద కేసు పెట్టమనను, రోజు గడిస్తేనే పొయ్యి వెలిగే మనిషి. కానీ అనారోగ్యం అలా వదిలేది కాదు. డాక్టరు చీటీ, మందుల బిల్లు, యూపీఐ చెల్లింపు రికార్డు దగ్గర పెట్టుకుని, ఫుడ్ సేఫ్టీ అధికారికి గానీ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. చిన్న బండికైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. హోటల్ అయితే బిల్లు మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు వేయడం 2022 జనవరి 1 నుంచి తప్పనిసరి. మీరు పంపిన హోటల్ బిల్లు మీద ఆ నంబరు నాకెక్కడా కనిపించలేదు. కింది అంచు ఫొటోలో తెగిపోయిందేమో, అసలు కాగితం తీసి చూడండి. నిజంగానే లేకపోతే నోటీసులో అది కూడా ఒక పేరాగా పెట్టండి.

నోటీసు పంపాక మేనేజరు ఫోన్ చేసి మాట్లాడుకుందాం రమ్మంటాడు. వెళ్లండి, కానీ ఒంటరిగా వద్దు. వాళ్లు ఏమిస్తామన్నా రాతపూర్వకంగా ఇవ్వమనండి. కమిషన్‌లో కేసు నంబరు వచ్చాక మాత్రం తీర్పు వచ్చేదాకా ఆ రివ్యూలో కొత్తగా ఒక్క అక్షరం కూడా చేర్చకండి.