మూతపడిన విహార కేంద్రాన్ని చూడబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

బరంపురం నుండి మీ పెద్ద మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. గోపాలపూర్‌కు దక్షిణాన సరుగుడు తోటల వెనుక ఏళ్ల తరబడి మూతపడి ఉన్న విహార కేంద్రంలోకి స్నేహితులిద్దరితో కలిసి వెళ్లి ఫొటోలు తీయాలనుకుంటున్నావని మీ అమ్మ కంగారుగా ఫోన్ చేసింది. నా చేత వద్దనిపించాలన్నది ఆమె ఉద్దేశం. నేను వద్దనడం లేదు. ఆ చోటు చూడదగినదే. అయితే అక్కడ మూడో బ్లాకుకు స్లాబు వేసిన రోజున పని చూసుకుంటూ నిలబడినవాడిని నేనే కాబట్టి, ఆ గోడల లోపల ఏముందో తెలిసిన మనిషిగా కొన్ని మాటలు రాస్తున్నాను. తీరికగా చదువు.

సైప్రస్‌లోని వరోషా చిత్రాలు నువ్వు పంపగా చూశాను. 1974లో జనం వదిలి వెళ్లిన సముద్రతీరపు హోటళ్లు ఇన్నేళ్లకు కూడా వరుసగా నిలబడి ఉండటం చూసి, మన దగ్గర ఉన్నవి కూడా అలాగే ఉంటాయని నీకు ధైర్యం కలిగినట్టుంది. భవనం నిలబడి ఉండటం వేరు, మనిషి బరువు మోయగలగడం వేరు. పైగా మన తీరానికి ఉక్కపోత, నెలల తరబడి వానలు, వాటికి తోడు తుఫానులు ఉన్నాయి. 1999 అక్టోబరులో పన్నెండు రోజుల తేడాతో ఒడిశాను రెండు తుఫానులు కొట్టాయి. వాటిలో మొదటిది గోపాలపూర్ పక్కనే తీరం దాటింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గంటకు సుమారు 200 కిలోమీటర్ల గాలితో ఇక్కడే ఒడ్డెక్కింది. 2018లో తిత్లీ పలాస వైపు తీరం దాటినా మనల్ని విడిచిపెట్టలేదు. ఇన్ని దెబ్బలు తిని, తలుపులూ కిటికీలూ పోయిన గదుల్లో ఉప్పుగాలి రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంది.

ఉప్పు కాంక్రీటును తినదు, లోపలి ఇనుమును తింటుంది. కాంక్రీటులోని క్షార గుణం ఊచలకు కవచంలా పనిచేస్తుంది. ఉప్పు క్రమంగా లోపలికి ఇంకి ఊచను చేరగానే ఆ కవచం పోయి తుప్పు మొదలవుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు కోరుతుంది కాబట్టి, చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచే పగలగొట్టి పెచ్చులుగా రాలుస్తుంది. ఊచకూ బయటి గాలికీ మధ్య ఎంత మందం వదిలామన్నదే ఇక్కడ అసలు లెక్క. మా రోజుల్లో స్లాబు అడుగున 15 మిల్లీమీటర్లు ఉంటే చాలనుకునేవాళ్లం. 2000లో సవరించిన కాంక్రీటు కట్టడాల ప్రమాణాల కోడ్ సముద్రపు గాలి తగిలే కట్టడాలకు 45 మిల్లీమీటర్లు అడుగుతోంది. ఆ పదిహేను కూడా మేము ప్రతిచోటా వదిలామని నేను చెప్పలేను. తియ్యనీటి ట్యాంకరు రాని రెండు రోజులు, ఒడ్డున తవ్విన బావిలోని ఉప్పదనం ఉన్న నీళ్లతోనే మాలు కలిపారు. నేను చూశాను, ఊరుకున్నాను. అప్పటికి నాకు ఉద్యోగం కొత్త.

బాల్కనీల సంగతి ఇంకా చెడ్డది. గోడలోంచి బయటికి చాచుకుని ఉండే స్లాబుకు బలం పై అంచున పరిచిన ఊచల్లో ఉంటుంది. కాంక్రీటు మోసే కూలీలు వాటిని తొక్కుకుంటూ నడిస్తే అవి కిందికి కుంగిపోతాయి. కుంగకుండా నిలబెట్టే ఇనుప కుర్చీలు ఆ రోజు చాలినన్ని లేవు. అలాంటి బాల్కనీ అడుగు నుంచి చూస్తే బాగానే ఉంటుంది, ఎందుకంటే పగులు పడేది పైభాగంలో. ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా విరుగుతుంది. అందువల్ల ఏ బాల్కనీ మీదా కాలు పెట్టవద్దు, ఏ బాల్కనీ కిందా, సన్‌షేడ్ కిందా నిలబడి ఫొటో తీయవద్దు. ఈ విషయంలో మాత్రం నేను సలహా ఇవ్వడం లేదు, ఆజ్ఞ అనుకో.

మరి చూడటం ఎలాగంటావా? మొదటి పూట లోపలికి వెళ్లకు. పది గంటల ఎండలో బయట నుంచి ఒక్కో భవనం చుట్టూ దూరంగా నడిచి చూడు. సముద్రం వైపు ముఖానికీ, ఊరి వైపు ముఖానికీ ఎంత తేడా ఉందో నీకే తెలుస్తుంది. గాలి తగిలే వైపు దూలాల అడుగున ఊచల వెంబడే పొడవునా సాగిన పగుళ్లు, గోధుమరంగు చారలు, కొన్నిచోట్ల పక్కటెముకల్లా బయటపడిన కడ్డీలు కనిపిస్తాయి. అవి ఉన్న భాగాన్ని పటం గీసుకుని గుర్తు పెట్టుకో. నిజానికి ఆ భవనం చెప్పగలిగిన కథలో సగానికి పైగా బయటే ఉంటుంది, మంచి ఫొటోలు కూడా అక్కడే వస్తాయి. ఆ తర్వాత ఊరి వైపు ఉన్న కింది అంతస్తు గదుల్లోకి, గుమ్మం దగ్గర ఆగి పైకప్పు చూసి, చేతికర్రతో గోడను తట్టి చూసి వెళ్లు. డొల్ల శబ్దం వస్తే వెనక్కి తిరుగు. మెట్లు ఎక్కవద్దు. పైనుంచి సముద్రం అందంగా కనిపిస్తుందని నాకూ తెలుసు. ఒడ్డు మీద నుంచి కూడా అదే సముద్రం.

పైకప్పు చూస్తూ నేలను మరిచిపోకూడదు. ఇసుక గదుల్లోకీ దారుల మీదికీ మోకాలెత్తున మేటవేసి ఉంటుంది, దాని అడుగున ఏముందో కనబడదు. నీళ్ల సంపులకూ సెప్టిక్ ట్యాంకులకూ వేసిన ఇనుప మూతలు తుప్పుపట్టి రేకు మందానికి వచ్చి ఉంటాయి. వంటగది వెనుక, మూడో బ్లాకుకు పడమటి వైపున రెండు పెద్ద ట్యాంకులు ఉన్నాయి. కర్రతో పొడిచి చూడనిదే అక్కడ అడుగు వేయకు. ఒకవేళ ఎవరైనా పడితే, పైనున్నవారు దిగకూడదు. ఆ ట్యాంకుల్లో పుట్టే విషవాయువు మొదట కుళ్లిన గుడ్డు వాసన వేసి, గాఢంగా ఉన్నచోట ముక్కుకు తెలియకుండానే మనిషిని పడగొడుతుంది. ఒకరిని తీయబోయి వరుసగా ముగ్గురు పోయిన ఉదంతాలు ఎన్నో ఉన్నాయి. 112కు ఫోన్ చేసి తాడు అందించే ప్రయత్నం చేయాలి, అంతే. ఈత కొలను కూడా అలాంటిదే. సరుగుడు ఆకు పేరుకుని నేలలా కనిపిస్తుంది, కింద నల్లటి నీళ్లు ఉంటాయి.

పాముల గురించి మీ అమ్మ నాకంటే బాగా చెబుతుంది కాబట్టి ఎక్కువ రాయను. మడమలు దాటే బూట్లు, మందపాటి ప్యాంటు వేసుకో. రాలిన రేకుల కింద, గోడ సందుల్లో చేయి పెట్టకు. కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, మంత్రగాడి దగ్గరికి వెళ్లడం ఏవీ వద్దు. కాలు కదపకుండా బండి ఎక్కించి నేరుగా బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకురావాలి. గోపాలపూర్ నుంచి సుమారు 16 కిలోమీటర్లే. బయలుదేరే ముందే ధనుర్వాతం ఇంజెక్షను వేయించుకుని రా. విరిగిన సిమెంటు రేకుల్ని తొక్కి దుమ్ము లేపవద్దు.

అన్నింటికంటే ముందు చేయవలసినది మనుషులను అడగడం. పాడుబడింది కదా, ఎవరిదీ కాదని అనుకోకు. దానికి యజమాని ఉన్నాడు, కాపలాదారుకు జీతం అందుతోంది. అనుమతి కాగితం మీద తీసుకో. దొరకకపోతే గోడ దూకకుండా ఒడ్డు మీద నుంచే చూసి రా. కాపలాదారు ఒడియావాడు, పెద్దవాడు. "ఆజ్ఞా" అని సంబోధించి మాట్లాడితే నీకు టీ కూడా పెడతాడు. ఆ పక్కనే ఉన్న పల్లెలో నోలియాలనే జాలరులు ఉంటారు. ఒడియావారు వారిని అలా పిలుస్తారు కానీ ఇంట్లో వారు మాట్లాడేది మన తెలుగే, మాటలో శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. అక్కడి పెద్దతో ఎన్ని గంటలకు లోపలికి వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో చెప్పు. ఏ గోడ ఏ తుఫానుకు పడిందో ఆయన చేయి చూపించి చెబుతాడు, అది రాసుకో. కిటికీ చట్రాలు, గొళ్లేలు ఎవరెవరు పట్టుకుపోయారని మాత్రం అడగకు. మీరూ జ్ఞాపకంగా ఒక్క గాజు పెంకు కూడా తీసుకురావద్దు. పని ముగిశాక చెమట పట్టిందని సముద్రంలో దిగబోతారేమో, అక్కడ ఒడ్డు నిటారుగా దిగుతుంది, అలలు కాళ్ల కింద ఇసుకను లాగేస్తాయి. పల్లెలోని బోరింగు దగ్గర స్నానం చేయండి.

అక్టోబరు, నవంబరు నెలల్లో వద్దు. సంక్రాంతి దాటాక రండి, ముందురోజు రాత్రికి మా ఇంటికి చేరుకోండి. గేటు వరకు నేనూ వస్తాను. మోకాళ్ల నొప్పితో లోపలికి నడవలేను. మూడో బ్లాకు సముద్రం వైపు, కుడి చివరి బాల్కనీని దూరం నుంచి జూమ్ చేసి తీసి నాకు చూపించు. అది ఇంకా ఉందో లేదో చూసుకోవాలని ఉంది.

ఇట్లు,
మీ పెద్ద మామయ్య