అర్థం కాదు బిడ్డా, యూనిట్ అడుగు

హనుమకొండ

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకూ మనసు పాడైంది. వైవా పరీక్షలో సారు యాక్యురసీకి, ప్రెసిషన్‌కు తేడా ఏమిటంటే "రెండూ కచ్చితత్వమే సార్" అన్నావట, పక్కనున్నవాళ్లు నవ్వారట. నవ్వనీ. డిక్షనరీ తీసినా చాలాసార్లు రెండింటికీ ఆ ఒక్క మాటే కనిపిస్తుంది. ఆ నవ్వినవాళ్లను లేపి అడిగితే వాళ్లూ నీళ్లు నమిలేవాళ్లే.

ఈ రెండు మాటల దగ్గర నేను తిన్న దెబ్బ మీ బాపుకు కూడా తెలియదు. మెషిన్ షాపులో చేరిన కొత్తలో బేరింగ్‌లో కూర్చునే షాఫ్టులు లేత్ మీద తిప్పే పని ఇచ్చారు. సైజు 25 మిల్లీమీటర్లు. ఒక్కోదాన్ని మైక్రోమీటర్‌తో, అంటే సన్నటి తేడాలు కొలిచే పరికరంతో, మూడేసి సార్లు కొలిచేవాణ్ని. మూడుసార్లూ 25.00. ఎంత సంబరమో! నలభై షాఫ్టులు అయ్యాక ఫిట్టర్ ఒకటి తీసి బేరింగ్‌లో పెడితే లొడలొడలాడింది. ఫోర్‌మన్ తిట్టలేదు. నా మైక్రోమీటర్ తీసుకుని, మధ్యలో ఏమీ పెట్టకుండా మూసి, నా కళ్ల ముందు పట్టాడు. సున్నా దగ్గర ఉండాల్సిన గీత నాలుగు గీతలు దాటి ఉంది. ఒక్కో గీత 0.01 మిల్లీమీటరు, అంటే 0.04 ఎక్కువ చూపుతోంది. నా షాఫ్టులన్నీ నిజానికి 24.96. లావుంటే మళ్లీ తిప్పుకోవచ్చు, సన్నబడ్డదాన్ని ఏం చేస్తాం? నలభై తుక్కులో పడ్డాయి.

ఎన్నిసార్లు కొలిచినా ఒకే అంకె రావడం ప్రెసిషన్. ఆ అంకె అసలు సైజుకు దగ్గరగా ఉండటం యాక్యురసీ. నా దగ్గర మొదటిది దండిగా ఉంది, రెండోది లేదు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా తూచే కాంటా ప్రతిసారీ కిలో తక్కువే చూపిస్తే, 'ఎప్పుడూ ఒకేలా చూపిస్తోంది కదా' అని రైతు ఊరుకుంటాడా? ఇంకో సంగతి, ఇది సార్లు ఎక్కువగా అడుగుతారు: ఇలాంటి తప్పు వందసార్లు కొలిచి సగటు తీసినా పోదు. చేయి వణికో, కన్ను తప్పో ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ వచ్చే తేడాలకే సగటు పనికొస్తుంది.

ఈ జంటకు యూనిట్‌తో పని లేదు కానీ, ఇలా కలిసిపోయే మిగతా జంటలు చాలావరకు యూనిట్, అంటే దేంతో కొలుస్తారో అడిగితే విడిపోతాయి. శక్తి అనే మాటే చూడు. పుస్తకంలో పవర్‌కు సామర్థ్యం అని వేరే మాట ఉన్నా, బయట ఎనర్జీనీ పవర్‌నీ శక్తి అనే అంటాం. కానీ నీళ్ల దగ్గర మనవాళ్లు ఎప్పుడూ పొరబడరు. ఎల్ఎండీలో, అదే లోయర్ మానేరు డ్యాంలో, ఎన్ని నీళ్లున్నాయంటే టీఎంసీల్లో చెబుతారు, కాకతీయ కాలువకు ఎంత వదిలారంటే క్యూసెక్కుల్లో చెబుతారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. సుమారు 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 'గంటకు వెయ్యి క్యూసెక్కులు' అని చూడు, మీ బాపే నవ్వుతాడు. సెకను ఆ మాటలోనే ఉంది మరి.

వాట్ కూడా అంతే. సెకనుకు ఒక జౌల్ ఎనర్జీ. పవర్ క్యూసెక్కు లాంటిది, ఎనర్జీ టీఎంసీ లాంటిది. రామగుండం ఎన్టీపీసీ పాత ప్లాంటు 2600 మెగావాట్లు. గంటసేపు పూర్తిగా నడిస్తే 26 లక్షల కరెంటు యూనిట్లు. ఈ యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంటసేపు నడిస్తే అయ్యే ఎనర్జీ. 'గంటకు 2600 మెగావాట్లు' అని ఎవరైనా రాస్తే అది గంటకు ఇన్ని క్యూసెక్కులు అన్నట్టే. బిల్లు వచ్చేది యూనిట్లకు, మోటారు మీద రాసేది హెచ్‌పీ. 5 హెచ్‌పీ అంటే దాదాపు 3.7 కిలోవాట్లు. ఎంతసేపు నడిచిందో తెలియకుండా యూనిట్లు చెప్పలేవు.

హీట్, టెంపరేచర్ గురించి ఎక్కువ చెప్పను. గ్రైండింగ్‌లో లేచే నిప్పురవ్వ నీళ్లు మరిగే వేడికి ఎన్నో రెట్లు కాగి ఉంటుంది, చేతిమీద పడితే చురుక్కుమని ఆరిపోతుంది. మరిగే చారు గరిటెడు పడితే బొబ్బలే. రవ్వకు టెంపరేచర్ ఎక్కువ, చారులో హీట్ ఎక్కువ. హార్డ్‌నెస్‌నూ టఫ్‌నెస్‌నూ మాత్రం 'గట్టి' అనే మాటతో సరిపెట్టకు. ఆకురాయి ఇనుమును అరగదీస్తుంది, బండ మీద జారిపడితే రెండు ముక్కలవుతుంది. అదే మామూలు ఇనుప చువ్వను సుత్తితో ఎంత కొట్టినా వంగుతుందే కానీ విరగదు. దాన్ని ఆకురాయి తేలిగ్గా గీస్తుంది. ఆకురాయిది హార్డ్‌నెస్, చువ్వది టఫ్‌నెస్. ఏది గట్టిదో ఇప్పుడు నువ్వు చెప్పు.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. ఇంగ్లిష్ మాట పక్కన తెలుగు అర్థం రాయకు. యూనిట్ రాసి, దాని కింద మన ఇంట్లోదో పొలంలోదో ఒక వస్తువు రాయి. వస్తువు దొరకలేదంటే ఆ మాట నీకు ఇంకా అందలేదన్నమాట. అప్పుడు సారును అడుగు, మొహమాటపడకు.

ఆ మైక్రోమీటర్ నాతోనే ఉంది. షాపు వాళ్లు తీసేస్తామంటే అడిగి తెచ్చుకున్నాను, సున్నా సరిచేయించాను. సద్దుల బతుకమ్మకు వచ్చినప్పుడు తీసుకుపో. చివర తిప్పే రాట్చెట్ కాస్త బిగుసుకుంది, పెద్దమ్మ కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి ఉంచుతాను.

మీ పెద్దబాపు